ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ముందు వంపు తిరిగిన సిరామిక్ కిటికీ: దాన్ని ఎలా తయారు చేస్తారు?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. సిరామిక్ అంటే పింగాణీలాంటిది కదా, అది పారదర్శకంగా ఎలా ఉంటుంది? యుద్ధవిమానాల ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ముందు పెట్టే కిటికీకి వంపు ఎలా తెస్తారు, చదును పలకను వేడిచేసి వంచుతారా, దిమ్మలోంచి చెక్కుతారా? ఈ పని నేర్చుకోవాలంటే మన దగ్గర ఎక్కడ వీలుంది? సిరామిక్ ఆప్టిక్స్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటి జవాబు. చెక్కడం ఉంది, వంచడం కూడా సూత్రప్రాయంగా సాధ్యమే. కానీ స్పినెల్ (మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన ఆక్సైడ్ సిరామిక్) లాంటి పదార్థంతో పెద్ద కిటికీ చేసేటప్పుడు వంపును అంతకంటే చాలా ముందే, అది ఇంకా కాల్చని పౌడర్ ముద్దగా ఉన్నప్పుడే ఇవ్వాలి. ఆ తర్వాత వజ్రపు వీల్‌తో తీసేది పైపైన మిల్లీమీటరో, రెండు మిల్లీమీటర్లో మాత్రమే ఉండాలి. వంపు ఏ దశలో పెట్టారన్నదాన్ని బట్టే కిటికీ ఖర్చు, బలం, స్పష్టత చాలావరకు తేలిపోతాయి. కింద రాసేదంతా దీనికి కారణాలే.

గాజు ఎందుకు పనికిరాదో ముందు చూద్దాం. విమానాల ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఎక్కువగా 3 నుంచి 5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలోనో, 8 నుంచి 12 మైక్రాన్లలోనో చూస్తాయి. ఇంజిన్ పొగగొట్టం లాంటి వేడి వస్తువులు మొదటి పట్టీలో బాగా వెలుగుతాయి. సాధారణ ఉష్ణోగ్రతలో ఉన్న నేల, వాహనాలు రెండో పట్టీలో బాగా కనిపిస్తాయి. కొద్ది మిల్లీమీటర్ల మందమున్న మామూలు గాజు 3 మైక్రాన్లు దాటగానే కాంతిని మింగడం మొదలుపెట్టి, 5 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ వదలదు. జెర్మేనియం వదులుతుంది కానీ దాని వక్రీభవన గుణకం 4. పూత లేకుండా ఒక్కో ఉపరితలం 36 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. వేడెక్కితే అది తానే నల్లబడుతుంది. పైగా మెత్తన.

మెత్తదనం ఎందుకు సమస్యో చెప్పాలి. సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్లే విమానం వానచినుకును ఢీకొడితే, తాకిన క్షణంలో పుట్టే ఒత్తిడి సుమారు 375 మెగాపాస్కల్స్. నీటి సాంద్రతను, నీటిలో ధ్వని వేగాన్ని, ఢీకొన్న వేగాన్ని గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. వాతావరణ పీడనానికి అది 3,700 రెట్లు. అది మైక్రోసెకన్ల సేపే ఉంటుంది కానీ, మెత్తని పదార్థం మీద ఉంగరం ఆకారంలో పగుళ్లు వేయడానికి ఆ కాస్త సమయం చాలు. దీనికి రన్‌వే మీది ఇసుక, దుమ్ము తోడవుతాయి. అమెరికాలో డేటన్ విశ్వవిద్యాలయ పరిశోధనా సంస్థ వాన కోతను పరీక్షించడానికి గిరగిర తిరిగే చేయి లాంటి యంత్రాన్ని నడిపిస్తున్నదంటే, ఈ సమస్యను ఎంత తీవ్రంగా తీసుకుంటారో ఊహించుకోండి.

వేడి గురించి చాలామంది ఎక్కువ ఊహించుకుంటారు. 11 కిలోమీటర్ల ఎత్తులో మాక్ 2 వేగంతో, అంటే ధ్వని వేగానికి రెట్టింపుతో వెళ్తే ముందు భాగంలో గాలి ఉష్ణోగ్రత సుమారు 117 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. మాక్ 4కి వెళ్తే 640 డిగ్రీల దగ్గరికి వస్తుంది. మొదటిది విమానం లెక్క, రెండోది క్షిపణి లెక్క. విమానం కిటికీకి అసలు శత్రువులు వాన, ఇసుక, సంవత్సరాల తరబడి చేసే తుడవడం. క్షిపణి డోమ్‌కి, అంటే ముక్కున ఉండే గుండ్రని కిటికీకి, వేడి దెబ్బ. ఈ రెండింటినీ కలిపేసి పదార్థం ఎంచుకుంటే తప్పుదారి పడతాం.

ఇక సిరామిక్ పారదర్శకత. పింగాణీ తెల్లగా ఉండటానికి కారణం ఆ పదార్థం కాంతిని మింగడం కాదు, చెదరగొట్టడం. లోపల గాలి రంధ్రాలుంటాయి, రేణువులు కలిసే సరిహద్దులుంటాయి, అక్కడక్కడా వేరే కూర్పున్న భాగాలు ఉంటాయి. ప్రతిచోటా వక్రీభవన గుణకం మారుతుంది, కాంతి దారి తప్పుతుంది. రంధ్రాలను పూర్తిగా తీసేయగలిగితే సిరామిక్ కాంతిని వదులుతుందని 1950ల చివర జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ కోబుల్ చూపించాడు. అల్యూమినాలో కొద్దిగా మెగ్నీషియా కలిపితే రేణువులు అదుపులో పెరుగుతాయి, రంధ్రాలు రేణువు మధ్యలో చిక్కుకుపోకుండా సరిహద్దుల వెంట బయటికి పోతాయి. లుకాలాక్స్ అనే ఆ పదార్థమే మన రోడ్ల మీద పసుపు వెలుగునిచ్చిన సోడియం దీపాల్లోని గొట్టం. అయితే దాని గుండా వెలుగు వస్తుంది కానీ, అవతలి వస్తువు కనిపించదు. అల్యూమినా స్ఫటికంలో దిశను బట్టి గుణకం 1.768, 1.760 మధ్య మారుతుంది. రంధ్రాలు లేకపోయినా, పక్కపక్క రేణువులు వేర్వేరు దిశల్లో ఉండటం వల్ల ప్రతి సరిహద్దు దగ్గర కాంతి కొద్దికొద్దిగా చెదురుతుంది.

అందుకే మనకు ఘనాకృతి స్ఫటికం కావాలి. అందులో ఏ దిశ నుంచి చూసినా గుణకం ఒకటే, కాబట్టి రేణు సరిహద్దు కాంతికి కనపడదు. అలాంటివి ప్రధానంగా రెండు: మెగ్నీషియం అల్యూమినేట్ స్పినెల్, అల్యూమినియం ఆక్సీనైట్రైడ్. రెండోదాన్ని పనివాళ్లం ఏలాన్ అంటాం. అమెరికా రక్షణ సంస్థ రేథియాన్ అభివృద్ధి చేసిన ఆ సాంకేతికతను 2002లో సర్మెట్ అనే సంస్థ తీసుకుంది. ఈ రెండూ కంటికి కనిపించే వెలుగు నుంచి సుమారు 5 మైక్రాన్ల దాకా వదులుతాయి, స్పినెల్ కాస్త ఎక్కువ దూరం వెళ్తుంది. 8 నుంచి 12 పట్టీ కావాలంటే ఈ రెండూ పనికిరావు, జింక్ సల్ఫైడ్ దగ్గరికి వెళ్లాలి. నీలం, అంటే సఫైర్, ఏకస్ఫటికం. రేణువులే లేవు కాబట్టి సరిహద్దుల గొడవ లేదు, గట్టిదనంలో అందరికంటే ముందుంటుంది. కానీ పౌడర్ నుంచి ఆకారం ఇవ్వలేం, పెంచిన స్ఫటికం నుంచి కోయాలి.

వంపు అసలు ఎందుకు కావాలి? దీనికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. మన వాయుసేన సుఖోయ్ 30 ఎంకేఐ కాక్‌పిట్ ముందు కనిపించే గుండ్రని బంతి చూశారుగా. అక్కడ సెన్సర్ అటూ ఇటూ తిరుగుతుంది. గోళాకార డోమ్ కేంద్రం దగ్గరే సెన్సర్ తిరిగే కేంద్రం పెడితే, ఎటు చూసినా కిటికీ ఒకేలా కనిపిస్తుంది. డోమ్ చాలా బలహీనమైన లెన్సులా పనిచేస్తుంది, ఆ ప్రభావాన్ని ఒకసారి లెక్కగట్టి లోపలి లెన్సుల్లో సరిచేస్తే సరిపోతుంది. రెండో కారణం విమానం చర్మం. గాలి ఒరిపిడి తగ్గాలి, రాడార్‌కి తక్కువ కనిపించాలి అంటే కిటికీ విమానం ఒంటితో కలిసిపోయే ఆకారంలో ఉండాలి. అప్పుడది గోళం కాదు. ఒక దిశలో ఒక వంపు, అడ్డంగా ఇంకో వంపు ఉంటాయి. సెన్సర్ చూసే దిశ మారినప్పుడల్లా కిటికీ కలిగించే దోషం కూడా మారుతుంది. ఇదే అసలు కష్టం. ఎఫ్-35 ముక్కు కింద సఫైర్ పలకలను కోణాలుగా అతికించి పెట్టింది ఈ చిక్కు తప్పించడానికి ఒక దారి. ప్రతి పలకా చదును కాబట్టి దూరపు వస్తువు నుంచి వచ్చే కాంతిని పాడుచేయదు. బదులుగా అతుకులు చూపుకు అడ్డం పడతాయి. నా దృష్టిలో అది తెలివైన రాజీ. వంపు కిటికీ అడిగే ప్రతి డిజైనర్నీ నేను ముందు అడిగేది ఇదే: చదును పలకలతో పని జరగదని ఖాయంగా తేల్చుకున్నారా?

జరగదనే అనుకుందాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. కిటికీ అడ్డం 150 మిల్లీమీటర్లు, వంపు వ్యాసార్థం 200, మందం 8. ఈ వంపులో మధ్య భాగం అంచుకంటే సుమారు 14.6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. దీన్ని చదును దిమ్మలోంచి చెక్కాలంటే దిమ్మ మందం కనీసం 23 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ఖరీదైన పదార్థంలో మూడింట రెండొంతులు వజ్రంతో అరగదీసి పారేయాలి. డబ్బు సంగతి పక్కన పెట్టినా, 23 మిల్లీమీటర్ల దిమ్మను లోపలి దాకా రంధ్రం లేకుండా కాల్చడం 10 మిల్లీమీటర్ల ముక్కను కాల్చడం కంటే చాలా కష్టం. లోపలి బైండర్, అంటే పౌడర్‌ను పట్టి ఉంచే జిగురు, ఆవిరై బయటికి రావాలి, చిక్కుకున్న వాయువు రావాలి. దారి పొడవైనకొద్దీ మధ్యలో ఏదో మిగిలిపోతుంది. ఆ మిగిలింది సరిగ్గా కిటికీ మధ్యలో, సెన్సర్ చూసే చోటే మసకగా కనిపిస్తుంది.

కాల్చాక వంచడం సంగతి. స్పినెల్ కరిగే ఉష్ణోగ్రత 2,135 డిగ్రీలు. గాజులా మెత్తబడదు. సన్నని రేణువులున్న సిరామిక్ బాగా ఎక్కువ వేడిలో మెల్లగా సాగుతుంది కానీ, అంత వేడిలో రేణువులు పెరుగుతాయి, బలం తగ్గుతుంది, అచ్చు ముద్రలు ఉపరితలం మీద పడతాయి. చివరికి గ్రైండింగ్ ఎలాగూ తప్పదు. అందుకే నేను దీన్ని పెద్దగా నమ్మను.

జింక్ సల్ఫైడ్ దారి వేరు, చెప్పుకోవాల్సిందే. జింక్ ఆవిరిని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును సుమారు 650, 700 డిగ్రీల దగ్గర కలిపి గ్రాఫైట్ అచ్చు మీద పొరపొరగా పేరుస్తారు. అచ్చు ఏ వంపులో ఉంటే కిటికీ ఆ వంపులోనే పుడుతుంది. గంటకు కొద్ది పదుల మైక్రాన్ల లెక్కన పెరుగుతుంది కాబట్టి ఒక్కో రన్ రోజుల తరబడి, వారాల తరబడి సాగుతుంది. అచ్చు నుంచి తీసినప్పుడు పసుపు రంగులో మసకగా ఉంటుంది. దాన్ని ప్లాటినం రేకులో చుట్టి సుమారు 1,000 డిగ్రీల్లో, 100 మెగాపాస్కల్స్ ఆర్గాన్ ఒత్తిడిలో ఉంచితే నీళ్లలా తేటగా బయటికి వస్తుంది. కంటి వెలుగు నుంచి 10 మైక్రాన్లు దాటేదాకా చూపు కావాలంటే దీనికి పోటీ తక్కువ. కానీ ఆ వేడిలో రేణువులు పెద్దవై, ముందే మెత్తనైన పదార్థం ఇంకా మెత్తబడుతుంది. వానను తట్టుకోవడానికి పైన గట్టి పూత వేయాల్సి వస్తుంది.

ఇప్పుడు స్పినెల్ పౌడర్ దగ్గరికి వద్దాం, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. 99.99 శాతం శుద్ధి ఉన్న, చాలా సన్నని పౌడర్ కావాలి. ఫ్రాన్స్‌లోని బైకోవ్‌స్కీ లాంటి సంస్థలు ఇవి అమ్ముతాయి. శుద్ధి ఒక్కటే చూసి కొంటే చాలదు. గట్టిగా అతుక్కున్న రేణువుల ముద్దలు పౌడర్‌లో ఉంటే అవి చుట్టూ ఉన్నదానికంటే ముందే కుంచించుకుపోయి, పక్కన సన్నని చీలికలాంటి రంధ్రం వదులుతాయి. దాన్ని ఏ ఫర్నేసూ మూయలేదు. సల్ఫేట్ మార్గంలో చేసిన పౌడర్లో సల్ఫర్ అవశేషం మిగులుతుంది, అది వేడిలో వాయువై లోపల ఇరుక్కుంటుంది. బ్యాచ్ మారినప్పుడల్లా చిన్న బిళ్ల చేసి చివరిదాకా కాల్చి, మెరుగుపెట్టి చూడకుండా పెద్ద ముక్క మొదలుపెట్టకూడదు. ఫర్నేసు ఉన్న గదిలో గాలి దుమ్ము, బాల్ మిల్ గిన్నె అరుగుదల, చేతి గ్లౌజు పీచు, అన్నీ చివర్లో కిటికీలో చుక్కలై కనిపిస్తాయి.

ఆకారం ఇవ్వడానికి మూడు దారులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. పౌడర్‌ను నీళ్లలో ముద్దచేసి ప్లాస్టర్ అచ్చులో పోయడం స్లిప్ కాస్టింగ్. అచ్చు నీళ్లు పీల్చుకుని గోడలా పేరుస్తుంది. ద్రవాన్ని అచ్చులో పోసి అక్కడే జెల్‌లా గట్టిపడేలా చేయడం జెల్ కాస్టింగ్. ఉక్కు అచ్చు చుట్టూ రబ్బరు సంచిలో పౌడర్ పోసి, ద్రవంలో ముంచి 200 మెగాపాస్కల్స్‌తో అన్నివైపులా ఒకేసారి నొక్కడం కోల్డ్ ఐసోస్టాటిక్ ప్రెస్. ఇలా తయారైన ముక్కను గ్రీన్ బాడీ అంటాం. సుద్దముక్కలా ఉంటుంది, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద సులువుగా కోయవచ్చు. ఒక గంటలో ఇక్కడ తీసే పదార్థాన్ని కాల్చిన తర్వాత తీయాలంటే ఎన్నో రోజులు పడుతుంది.

కుంచించుకుపోవడం ఇక్కడి లెక్క. గ్రీన్ బాడీ సాంద్రత 50 శాతం అయితే, పూర్తిగా కాలాక ప్రతి కొలతా సుమారు 20.6 శాతం తగ్గుతుంది. మన 200 మిల్లీమీటర్ల వంపు వ్యాసార్థం కావాలంటే గ్రీన్ బాడీలో 252 పెట్టాలి, 150 అడ్డం కావాలంటే 189 పెట్టాలి. ఇంతవరకు లెక్క సులువే. ఒకచోట 50 శాతం, ఇంకోచోట 51 శాతం సాంద్రత ఉంటే? 250 మిల్లీమీటర్ల పొడవులో 1.3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాస్టింగ్‌లో రేణువులు కిందికి దిగడం వల్లో, అచ్చు ఒకవైపు ఎక్కువ నీళ్లు పీల్చడం వల్లో ఒక శాతం తేడా చాలా మామూలు. ఎండలో వేసిన అప్పడం ఒకవైపు ముందు ఎండితే వంకరపోయినట్టు, కిటికీ కూడా మెలిపడుతుంది. చదును పలక మెలిపడితే బరువు పెట్టి మళ్లీ వేడిచేసి కొంత సరిచేయవచ్చు. వంపు ముక్క మెలిపడితే ఆ దారి చాలా కష్టం. అందుకే ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు అదనంగా ఉంచుకుంటాం. ఆ మిల్లీమీటరులో మెలిక ఇమిడిపోతే బతికాం, లేకపోతే ముక్క పోయినట్టే.

ఫర్నేసులో పెట్టేటప్పుడు కింద ఆధారం గురించి కూడా చెప్పాలి. వంపు ముక్క అంచులు ఆధారం మీద లోపలికి జరుగుతూ కుంచించుకోవాలి. ఆధారం పట్టుకుంటే అంచు చిట్లుతుంది, వదిలేస్తే 1,500 డిగ్రీల్లో తన బరువుకే మధ్యలో కుంగుతుంది. అదే పదార్థంతో, అదే సాంద్రతతో ఇంకో వంపు ముక్క చేసి దాని మీద కూర్చోబెట్టడం నాకు తెలిసిన మంచి ఉపాయం. రెండూ కలిసే కుంచించుకుంటాయి. ఒక ముక్క త్యాగం చేసినట్టు అనిపిస్తుంది, కానీ అసలు ముక్క దక్కుతుంది.

కాల్చడం రెండు మెట్లు. ముందు గాలిలోనో, వాక్యూమ్‌లోనో రంధ్రాలన్నీ బయటి ఉపరితలంతో తెగిపోయేదాకా, అంటే సుమారు 95 శాతం సాంద్రత దాటేదాకా. తర్వాత హిప్, అంటే హాట్ ఐసోస్టాటిక్ ప్రెస్. 1,500 డిగ్రీల పైన, 100 నుంచి 200 మెగాపాస్కల్స్ ఆర్గాన్ ఒత్తిడి అన్నివైపులా నొక్కుతుంది. వంపు ముక్కకు ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే వాయువుకు ఆకారంతో పని లేదు. ఒకే దిశలో నొక్కే హాట్ ప్రెస్‌లో లిథియం ఫ్లోరైడ్ కలిపి చదును పలకలు అందంగా వస్తాయి కానీ, లోతైన వంపులో గోడల మీద ఒత్తిడి సమంగా పడదు. నిజానికి 1950ల చివర, 60ల్లో కోడక్ సంస్థ మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను వేడి అచ్చులో నొక్కి ఇర్‌ట్రాన్ పేరుతో డోములు తెచ్చింది. ఆ పదార్థం చాలా తక్కువ వేడిలో నొక్కితే చాలు కాబట్టి అక్కడ కుదిరింది.

హిప్ మీద అతి నమ్మకం పెట్టుకోవద్దని కొత్తవాళ్లకు ఎప్పుడూ చెబుతాను. రంధ్రం ఉపరితలానికి తెరిచి ఉంటే వాయువు లోపలికే దూరుతుంది, మూయదు. రేణువు మధ్యలో చిక్కిన రంధ్రాన్ని మూయడం దాదాపు అసాధ్యం. మొదటి మెట్టులో వేడి తొందరగా పెంచి రేణువులు పెద్దవి చేసేస్తే జరిగేది సరిగ్గా ఇదే. మిగిలిన రంధ్రాలు 0.01 శాతం కంటే తక్కువకు రావాలి. గ్రాఫైట్ ఫర్నేసులో నుంచి ముక్క బూడిద రంగులో వస్తే కంగారు పడకండి. గాలిలో మళ్లీ వేడిచేస్తే చాలావరకు తేటపడుతుంది.

ఇక్కడ ఒక మాట. కంటికి మసకగా ఉన్న ముక్కంతా పనికిరానిది కాదు. కాంతి తరంగం కంటే చాలా చిన్న రంధ్రాల వల్ల చెదిరే కాంతి తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతంతో తగ్గుతుంది. అర మైక్రాన్ దగ్గర కనిపించే మసక 4 మైక్రాన్ల దగ్గర నాలుగు వేల రెట్లు తక్కువ. కేవలం ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకైతే అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఇప్పుడు అదే కిటికీ వెనక టీవీ కెమెరా, లేజర్ కూడా పెడుతున్నారు. అందుకని స్పెసిఫికేషన్ రాసేవాళ్లు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కావాలో విడివిడిగా రాయాలి. ఒట్టి తేటగా ఉండాలి అని రాస్తే మంచి ముక్కలు కూడా చెత్తబుట్టలోకి పోతాయి.

గ్రైండింగ్, పాలిషింగ్ దశలో బలం తేలుతుంది. ముతక వజ్రం ఉపరితలం కింద కంటికి కనిపించని పగుళ్లు వదులుతుంది. స్పినెల్‌లో 50 మైక్రాన్ల లోతు పగులు మిగిలితే బలం 200 మెగాపాస్కల్స్ దగ్గర ఆగిపోతుంది. 100 మైక్రాన్లు మిగిలితే 140 దగ్గరికి పడిపోతుంది. ప్రతి సన్నని వీల్ తన ముందు వీల్ వదిలిన పగుళ్ల లోతు మొత్తాన్ని తీయాలి. పైకి మెరుపు వచ్చింది కదా అని ఈ మెట్లలో సమయం మిగుల్చుకునే షాపులను చూశాను. ఆ కిటికీ తనిఖీలో పాసవుతుంది, పీడన పరీక్షలో పగులుతుంది.

గోళాకార వంపును మెరుగుపెట్టడంలో ప్రకృతే సహాయం చేస్తుంది. సరిపడే వంపున్న పనిముట్టుతో అడ్డదిడ్డంగా రుద్దితే రెండు ఉపరితలాలూ తమంతట తామే గోళంలోకి వస్తాయి. విమానం ఒంటి ఆకారానికి ఆ వరం లేదు. ప్రతి చోటా వంపు వేరు కాబట్టి పెద్ద పనిముట్టు కూర్చోదు. చిన్న పనిముట్టు, బెల్టు, అయస్కాంత ద్రవంతో మెరుగుపెట్టే యంత్రం లాంటివి కంప్యూటర్ చెప్పిన దారిలో చుక్కచుక్కగా నడవాలి. అవి తాము నడిచిన దారిలో సన్నని అలలు వదులుతాయి, వాటిని మళ్లీ మెత్తగా చేయాలి. పైగా బహుస్ఫటిక పదార్థంలో ఒక్కో రేణువు ఒక్కో వేగంతో అరుగుతుంది. రసాయనం పాలు ఎక్కువైతే రేణువుల గడులు ఉపరితలం మీద ఎత్తుపల్లాలై తేలతాయి. ఏలాన్‌లో రేణువులు 200 మైక్రాన్ల దాకా ఉంటాయి కాబట్టి ఇది మరీ కనిపిస్తుంది. సఫైర్ డోమ్‌లో రేణువులు లేకపోయినా, స్ఫటిక దిశను బట్టి గట్టిదనం మారుతుంది కాబట్టి డోమ్ ఒకచోట తొందరగా, ఒకచోట నిదానంగా అరుగుతుంది.

కొలవలేనిది తయారు చేయలేం, వంపు కిటికీకి ఇది అక్షరాలా వర్తిస్తుంది. గోళాన్ని ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి తరంగాలను పోల్చి ఆకారం కొలిచే పరికరం) ముందు పెట్టి నిమిషాల్లో చూడవచ్చు. గోళం కాని ఆకారానికి, దానికోసమే గీసిన హోలోగ్రామ్ చేయించాలి, లేదా తాకకుండా చదివే ప్రోబ్‌తో ఉపరితలమంతా స్కాన్ చేయాలి. గ్రైండింగ్ దశలో ఉపరితలం గరుకుగా ఉంటుంది, మామూలు వెలుగు ఇంటర్‌ఫెరోమీటర్‌కు ఏమీ కనిపించదు. దాని మీదే ఆధారపడితే, ఆ దశలో వంపు తప్పినా పాలిషింగ్ దాకా తెలియదు. అసలు పరీక్ష రెండు ఉపరితలాల మధ్య సంబంధం. లోపలి వంపూ బయటి వంపూ విడివిడిగా సరిగ్గా ఉండి, ఒకదానికొకటి ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) ఒరిగితే చాలు, 1.7 గుణకం ఉన్న కిటికీ చూపును 0.2 మిల్లీరేడియన్ పక్కకు తిప్పుతుంది. 10 కిలోమీటర్ల దూరంలో అది 2 మీటర్లు. ఈ ఒరుగు కిటికీ అంతటా ఒకేలా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో తీసేయవచ్చు. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే కష్టం. అందుకే విడి ఉపరితలాల రిపోర్టు కన్నా, కిటికీ గుండా వచ్చిన తరంగాన్ని అసలు తరంగదైర్ఘ్యానికి దగ్గరగా, ఉదాహరణకు 3.39 మైక్రాన్ల లేజర్‌తో కొలిచిన రిపోర్టును నేను ఎక్కువ నమ్ముతాను.

చివరి పనులు రెండు మాటల్లో. స్పినెల్ ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 7 శాతం కాంతి తిరిగిపోతుంది, కాబట్టి పూత తప్పనిసరి. వంపు మీద ఆవిరి ఏటవాలుగా పడి అంచుల్లో పూత పలచబడుతుంది, దానికి ముక్కను తిప్పుతూ వేయాలి. ఫ్రేమ్‌కు టైటానియం మేలు. దాని వ్యాకోచం స్పినెల్‌కు దగ్గరగా ఉంటుంది, అల్యూమినియంది మూడు రెట్లు ఎక్కువ. నేల మీద 45 డిగ్రీల ఎండ నుంచి పైన మైనస్ 50కి వెళ్లే కిటికీ అంచును అల్యూమినియం ఫ్రేమ్ నలిపేస్తుంది.

మన దగ్గర నేర్చుకునే చోటు అడిగారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలో స్పినెల్, జింక్ సల్ఫైడ్ లాంటి పారదర్శక సిరామిక్స్ మీద పరిశోధన జరుగుతోంది. అదే నగరంలోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణుల సీకర్ల (లక్ష్యాన్ని వెతికే సెన్సర్ల) మీద, డెహ్రాడూన్‌లోని ఐఆర్‌డీఈ అనే రక్షణ పరిశోధనా సంస్థ ఆప్టికల్ పరికరాల మీద పనిచేస్తాయి. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ తర్వాత బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)లో కలిసింది. లెన్సులు, రాత్రి చూపు పరికరాల పని తెలిసిన చేతులు అక్కడ తరాలుగా ఉన్నాయి. మీరు ఎంటెక్ ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవాలనుకుంటే, వంపు కిటికీతో మొదలుపెట్టకండి. ఒకే పౌడర్‌తో 25 మిల్లీమీటర్ల బిళ్లలు చేసి, గ్రీన్ సాంద్రత మార్చుతూ, హిప్ ముందు, తర్వాత రంధ్రాలు ఎక్కడ మిగిలాయో మైక్రోస్కోప్‌లో చూడండి. అది చేతికొచ్చాక అదే పౌడర్‌తో చిన్న గిన్నె ఆకారం కాస్ట్ చేసి, కాల్చకముందూ కాల్చాకా ఎనిమిది దిక్కుల్లో వ్యాసార్థం కొలిచి పోల్చండి. ఆ కొలతలతో మళ్లీ ఇక్కడికి రండి, అచ్చును ఎలా సవరించాలో కలిసి లెక్కగడదాం.